రాజమండ్రి నుంచి డిబ్రూగఢ్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ప్రయాణాన్ని మీరే లెక్కగట్టే పద్ధతి

మా చెల్లి కాపురం అస్సాంలోని దూలియాజాన్‌లో. చమురు బావుల ఊరు అది. దగ్గర్లో ఉన్న విమానాశ్రయం డిబ్రూగఢ్. మేముండేది రాజమండ్రిలో. చెల్లి రెండో కాన్పు అక్కడే అనుకున్నారు. అమ్మానాన్నలు బయల్దేరదామనుకున్న రోజు నాన్న మా పాత స్కూల్ అట్లాస్ తీసి, స్కేలు పెట్టి కొలిచి, “జానెడు కూడా లేదు కదరా, రోజంతా ఎందుకు పడుతుంది?” అని అడిగారు.

మంచి ప్రశ్న. టికెట్ సైట్ తెరిస్తే ఒకచోట తొమ్మిది గంటలు, ఇంకోచోట ఇరవై రెండు గంటలు అని చూపిస్తుంది. ఎందుకంత తేడానో అది చెప్పదు. పెద్ద నగరాల మధ్య అయితే ఈ తలనొప్పి ఉండదు, ఎక్కితే దిగడమే. రెండు చివర్లా చిన్న విమానాశ్రయాలు ఉన్నప్పుడే అసలు చిక్కు. నేరుగా విమానం ఉండదు, మధ్యలో ఒకటో రెండో చోట్ల మారాలి, ఎక్కడ మారామన్న దాన్ని బట్టి మొత్తం ప్రయాణం మారిపోతుంది. ఆ రోజు నాన్నతో కూర్చుని కాగితం మీద వేసిన లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీది కడప నుంచి జోర్హాట్ అయినా, తిరుపతి నుంచి లేహ్ అయినా పద్ధతి ఇదే.

ముందు విమానాశ్రయాన్ని సరిగ్గా గుర్తించండి

ఊరి పేరుతో వెతక్కండి, మూడక్షరాల కోడ్‌తో వెతకండి. రాజమండ్రికి ఆర్‌జేఏ, డిబ్రూగఢ్‌కి డీఐబీ. ఆర్‌ఏజే అని కొడితే అది గుజరాత్‌లోని రాజ్‌కోట్ పాత విమానాశ్రయం. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పోతాం.

తర్వాత ఆ విమానాశ్రయం ఊరికి ఎంత దూరమో చూసుకోండి. రాజమండ్రిది మధురపూడిలో ఉంది. డిబ్రూగఢ్‌ది మోహన్‌బారీలో, ఊరికి సుమారు 15 కిలోమీటర్లు. మా చెల్లి ఇంటికైతే అక్కడి నుంచి కారులో గంట పైనే. ఈ రోడ్డు ముక్కలు చివర్లో కలపాలి కాబట్టి ఇప్పుడే పక్కన రాసిపెట్టుకోండి.

ఇప్పుడు రెండింటి అక్షాంశ రేఖాంశాలు కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు నొక్కి ఉంచితే రెండు అంకెలు వస్తాయి.

రాజమండ్రి: 17.11 ఉత్తరం, 81.82 తూర్పు.
డిబ్రూగఢ్: 27.48 ఉత్తరం, 95.02 తూర్పు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొన్ని చోట్ల డిబ్రూగఢ్ అక్షాంశం 27°29′ అని ఉంటుంది. అది 27.29 కాదు. ఆ 29 నిమిషాలు, డిగ్రీకి 60 నిమిషాలు. 29ని 60తో భాగిస్తే 0.48, అంటే 27.48. ఇది పట్టించుకోకపోతే 20 కిలోమీటర్ల పైన తేడా వచ్చేస్తుంది.

నేరు దూరం: కాగితం మీద ఐదు నిమిషాల పని

గ్లోబు మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఎలా ఉంటుందో, అదే భూమి మీద అతి తక్కువ దూరం. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు ఇస్తే క్షణంలో చెప్పేస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడమంటాను. చేసినవాళ్లకి దూరం ఎక్కణ్ణుంచి వస్తోందో కళ్లకు కడుతుంది, సైట్‌లో తప్పు కోడ్ కొట్టినా వెంటనే పట్టుకోగలుగుతారు.

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. మనకి అక్షాంశాల తేడా 27.48 నుంచి 17.11 తీసేస్తే 10.37. దాన్ని 111తో గుణిస్తే 1,151 కి.మీ. అంటే రాజమండ్రి కన్నా డిబ్రూగఢ్ ఇంత ఉత్తరాన ఉంది.

తూర్పు పడమరల లెక్క కొంచెం వేరు. భూమధ్యరేఖ దగ్గర రేఖాంశాల మధ్య ఎడం 111 కిలోమీటర్లే. పైకి పోయేకొద్దీ అవి దగ్గరవుతూ ధ్రువం దగ్గర కలిసిపోతాయి, ఒలిచిన కమలాపండు తొనల్లాగా. అందుకని ఆ తేడాని కొంచెం తగ్గించాలి. ఎంత తగ్గించాలంటే, రెండు ఊళ్ల అక్షాంశాల సగటు తీసుకుని దాని కొసైన్‌తో గుణించాలి. మన సగటు 22.3, దాని కొసైన్ 0.925. రేఖాంశాల తేడా 13.20. దాన్ని 111తో గుణిస్తే 1,465, మళ్లీ 0.925తో గుణిస్తే 1,355 కి.మీ.

ఫోన్ కాలిక్యులేటర్‌లో కొసైన్ కొట్టేటప్పుడు పైన డీఈజీ అని ఉందో లేదో చూసుకోండి. ఆర్‌ఏడీ అని ఉంటే 22.3కి మైనస్ 0.95 వస్తుంది. మన దేశంలో ఏ ఊరికైనా ఈ అంకె ప్లస్‌లోనే, సుమారుగా 0.79కి 0.99కి మధ్యే ఉండాలి. మైనస్ కనిపించిందంటే మోడ్ తప్పు. కాలిక్యులేటర్ లేకపోయినా నాలుగు అంకెలు గుర్తుంటే చాలు: 15 డిగ్రీలకి 0.966, 20కి 0.940, 25కి 0.906, 30కి 0.866.

ఇక పదో తరగతి పైథాగరస్. 1,151 వర్గం, 1,355 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,778. మ్యాపర్ సైట్‌లో కూడా 1,780 దగ్గరే వస్తుంది. రెండు మూడు కిలోమీటర్ల తేడాకి ప్రయాణం మారదు. కొసైన్ మర్చిపోతే మాత్రం 1,863 వస్తుంది. అది పెద్ద తప్పు.

ఈ పద్ధతి దేశం లోపలి దూరాలకి బాగా పనికొస్తుంది. హైదరాబాద్ నుంచి చికాగో లాంటి దూరాలకి మాత్రం వాడకండి. అంత దూరంలో దారం ధ్రువం వైపుకి వంగిపోతుంది, పైథాగరస్ పనిచేయదు. అక్కడ మ్యాపర్ సైటే దిక్కు.

ఆ గీత మీద ఏ ఊళ్లు ఉన్నాయో చూడండి

ఈ మెట్టుని చాలామంది వదిలేస్తారు. నాకైతే మొత్తం లెక్కలో ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

రాజమండ్రి నుంచి డిబ్రూగఢ్‌కి మ్యాప్‌లో గీత గీస్తే అది ఉత్తరాంధ్ర మన్యం మీదుగా వెళ్లి, భువనేశ్వర్, బాలాసోర్‌లకి దగ్గరగా పోయి, కోల్‌కతా పక్కనుంచే సాగుతుంది. అక్కణ్ణుంచి బంగ్లాదేశ్ దాటి, మేఘాలయ కొండల మీదుగా ఎగువ అస్సాంలో దిగుతుంది. దాదాపుగా మన మద్రాసు–హౌరా రైలు మార్గం పట్టుకుని పోయినట్టే ఉంటుంది, కోల్‌కతా దాకా. డిబ్రూగఢ్–కన్యాకుమారి వివేక్ ఎక్స్‌ప్రెస్ కూడా రాజమండ్రి మీదుగానే పోతుంది. మొత్తం దాదాపు 4,200 కిలోమీటర్లు, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచే రైలు అదే. మా ఊరి నుంచి ఎక్కితే చెల్లి దగ్గరకి రెండు రోజులు పైనే. నాన్న మోకాళ్లకి అది కుదరదు.

కోల్‌కతా నిజంగా గీత మీదే ఉందా? దీనికో పరీక్ష ఉంది. రాజమండ్రి–కోల్‌కతా నేరు దూరం 928 కి.మీ. కోల్‌కతా–డిబ్రూగఢ్ 852. రెండూ కలిపితే 1,780. నేరు దూరం కూడా అంతే! అంటే కోల్‌కతాలో దిగి మారితే దూరంలో నష్టం సున్నా. ఏ మజిలీ ఊరినైనా ఇలాగే పరీక్షించండి. రెండు ముక్కలూ కలిపిన దూరానికి, నేరు దూరానికి మధ్య తేడా ఎంతో అదే మనం తిరిగే అదనపు తిరుగుడు.

విమానాలు ఉన్న దారులు మాత్రమే రాసుకోండి

దారం ఎంత బాగున్నా దాని మీద విమానం ఉండాలి కదా. రాజమండ్రి నుంచి ఎప్పటినుంచో ఉన్నది హైదరాబాద్ విమానం. హైదరాబాద్ మాకు పడమర వైపు, పోవాల్సింది ఈశాన్యం. వెనక్కి 360 కిలోమీటర్లు పోయి మళ్లీ ముందుకి రావడమన్నమాట. 2024 డిసెంబరులో రాజమండ్రి నుంచి ఢిల్లీకి నేరుగా విమానం మొదలైంది. కోల్‌కతా, ఢిల్లీ, గువాహటి నుంచి డిబ్రూగఢ్‌కి విమానాలు నడుస్తాయి. షెడ్యూళ్లు ఏటా మార్చి చివర్లో ఒకసారి, అక్టోబరు చివర్లో ఒకసారి మారతాయి కాబట్టి మీ తేదీకి ఏవి ఉన్నాయో ఆ రోజు పెట్టి చూసుకోవాల్సిందే.

మేం కాగితం మీద రాసుకున్న దారులు ఇవి:

హైదరాబాద్, కోల్‌కతా మీదుగా: 360, 1,208, 852. మొత్తం 2,420 కి.మీ.
హైదరాబాద్, ఢిల్లీ మీదుగా: 360, 1,266, 1,760. మొత్తం 3,386 కి.మీ.
నేరుగా ఢిల్లీ మీదుగా: 1,361, 1,760. మొత్తం 3,121 కి.మీ.
రైల్లో విశాఖ వెళ్లి, అక్కణ్ణుంచి కోల్‌కతా మీదుగా: 773, 852. గాల్లో 1,625 కి.మీ., ముందు 200 కి.మీ. రైలు.

రెండోదాన్ని చూసిన వెంటనే కొట్టేయొచ్చు. ఆగేది రెండు చోట్ల, దూరం కూడా అన్నిటికన్నా ఎక్కువ. మిగతా మూడింట్లో ఏది మేలో కిలోమీటర్లు చూసి మాత్రం చెప్పలేం. గంటల్లోకి మార్చాలి.

కిలోమీటర్లని నిమిషాలు చేయడం

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ పైన గంటకి సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ టికెట్ మీద ఉండే సమయం గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, పైకెక్కడం, దిగేముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనే. పైగా విమానం గీత గీసినట్టు పోదు, గాల్లో గుర్తించిన బిందువుల మీదుగా మలుపులు తిరుగుతూ పోతుంది.

నేను వాడే లెక్క ఇది. జెట్ అయితే దూరాన్ని గంటకి 800తో భాగించి, దానికి 35 నిమిషాలు కలపండి. పంకాల విమానం, అంటే ఏటీఆర్ 72 అయితే 480తో భాగించి 25 నిమిషాలు కలపండి. ఏటీఆర్ నెమ్మదిగా పోతుంది కానీ అంత ఎత్తుకి ఎక్కదు, దిగడం కూడా త్వరగా అయిపోతుంది. అందుకే 360 కిలోమీటర్ల రాజమండ్రి–హైదరాబాద్‌కి ఏటీఆర్ 1 గంట 10 నిమిషాలు, జెట్ 1 గంట 2 నిమిషాలు. తేడా ఎనిమిది నిమిషాలే! దగ్గరి దూరాలకి ఏ విమానమన్నది పట్టించుకోకండి. 1,200 కిలోమీటర్లు దాటితే మాత్రం ఏటీఆర్ 50 నిమిషాలకి పైగా వెనకపడుతుంది.

ఇదే లెక్కలో హైదరాబాద్–కోల్‌కతా 2 గంటల 6 నిమిషాలు, కోల్‌కతా–డిబ్రూగఢ్ 1 గంట 39, రాజమండ్రి–ఢిల్లీ 2 గంటల 17, ఢిల్లీ–డిబ్రూగఢ్ 2 గంటల 47, విశాఖ–కోల్‌కతా 1 గంట 33. టికెట్ మీద అంకెలు వీటికి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ ఉంటాయి. అరగంట తేడా కనిపిస్తే ఏదో కారణం ఉన్నట్టే, మధ్యలో ఇంకోచోట ఆగే విమానమేమో చూడండి. విమానం మారకపోయినా దారిలో ఆగేవి ఉంటాయి, వాటిని టికెట్ మీద చిన్న అక్షరాల్లో రాస్తారు.

నిజంగా ఎంత పడుతోందో తెలుసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24లో విమానం నంబరు కొట్టి గడిచిన వారం చూడండి. ఏ రోజు ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది, అన్నీ కనిపిస్తాయి. వారంలో నాలుగు రోజులు 40 నిమిషాలు ఆలస్యంగా లేచే విమానమైతే, ఐదో రోజు మనకోసం సరిగ్గా లేస్తుందని అనుకోకండి.

గాలి వాటం

ఢిల్లీ–డిబ్రూగఢ్ అంటే దాదాపు నేరుగా పడమర నుంచి తూర్పుకి. శీతాకాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. గంటకి 130 కిలోమీటర్లు ఉండడం అక్కడ పెద్ద విశేషం కాదు, అంతకన్నా ఎక్కువే ఉంటుంది చాలా రోజులు. 130 అనే అనుకుని లెక్క వేద్దాం.

గాలి లేకపోతే 1,760 కిలోమీటర్లకి గాల్లో 127 నిమిషాలు. గాలి వెనక నుంచి తోస్తే నేల మీది లెక్కలో వేగం 960, అప్పుడు 110 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొస్తే వేగం 700కి పడిపోతుంది, 151 నిమిషాలు. పోయేటప్పుడు 17 నిమిషాలు కలిసొస్తే, వచ్చేటప్పుడు 24 నిమిషాలు పోతాయి. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. గోదావరి మీద పడవ నడిపినవాళ్లని అడిగితే ఇది అంకెలు లేకుండానే చెబుతారు.

వానాకాలంలో ఈ గాలి హిమాలయాల అవతలకి జరిగిపోతుంది, పోవడానికీ రావడానికీ తేడా తగ్గిపోతుంది. దక్షిణాదిన ఆ నెలల్లో బాగా ఎత్తులో తూర్పు నుంచి గాలి వీస్తుంది. అయినా మన దారుల్లో దాని ప్రభావం కొద్దిపాటే. ఉత్తర దక్షిణాలుగా పోయే రాజమండ్రి–ఢిల్లీకి అసలు పెద్దగా లెక్క వేసుకోనక్కర్లేదు.

మధ్యలో ఆగే సమయం దగ్గరే అసలు లెక్క

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. మొదటిసారి చెల్లి దగ్గరకి నేనొక్కడినే వెళ్లాను. రెండు వేరు వేరు కంపెనీల్లో రెండు టికెట్లు విడివిడిగా కొంటే పద్నాలుగు వందలు తక్కువకి వస్తున్నాయని కొనేశాను. మధ్యలో గంటా పది నిమిషాలు ఉంది, చాల్లే అనుకున్నాను. మొదటి విమానం 35 నిమిషాలు ఆలస్యం. టికెట్లు విడివిడిగా ఉన్నాయి కాబట్టి బ్యాగు నేనే తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. బెల్ట్ దగ్గర నిలబడి తిరిగే బ్యాగులన్నీ చూస్తున్నాను, చెల్లి కోసం అమ్మ పెట్టిన ఆవకాయ డబ్బా ఉన్న నా నీలం బ్యాగు మాత్రం రాదు. వచ్చేసరికి ఇంకో 25 నిమిషాలు. పరిగెత్తి కౌంటర్‌కి వెళ్తే “క్లోజ్ అయిపోయింది సార్” అన్నారు. విమానం అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఆ రాత్రి ఇనప కుర్చీలో కూర్చుని తెల్లారి కొత్త టికెట్ కొన్నాను, ఏడు వేల రెండొందలు. రెండో కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్లకి నేను ఆలస్యంగా వచ్చిన మామూలు ప్రయాణికుణ్ణి, అంతే.

అందుకే అమ్మానాన్నలకి బుక్ చేసేటప్పుడు మొట్టమొదట చూసింది ధర కాదు, మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉందా లేదా అని. ఒకే పీఎన్‌ఆర్ అయితే బ్యాగులు రాజమండ్రిలో ఇస్తే డిబ్రూగఢ్‌లో తీసుకోవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోతే తర్వాతి విమానంలో సీటు చూడాల్సిన బాధ్యత కంపెనీదే. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు దీని మీద రెండు మూడు వేలు ఎక్కువైనా వెనకాడకండి.

ఎంత ఖాళీ ఉంచాలి? దేశంలో విమానాలకి చెక్ ఇన్ సాధారణంగా గంట ముందు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. ఒకే పీఎన్‌ఆర్ మీద అయితే నేను కనీసం గంటన్నర, వీలైతే రెండు గంటలు పెడతాను. విడి టికెట్లు తప్పనిసరైతే నాలుగు గంటలు. హైదరాబాద్, కోల్‌కతాల్లో ఒకటే టెర్మినల్ కాబట్టి తిరుగుడు తక్కువ. ఢిల్లీలో మూడు టెర్మినళ్లు. దిగేది ఒకటీ ఎక్కేది ఇంకొకటీ అయితే బస్సులో వెళ్లాలి, ఇంకో గంట వేసుకోండి. టికెట్ మీద టీ1, టీ2, టీ3 అని ఉంటుంది, తప్పకుండా చూడండి.

కాలాన్ని బట్టి కూడా ఈ ఖాళీ మారాలి. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొద్దున పూట మంచుతో మూసుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కోల్‌కతాలో మధ్యాహ్నం దాటాక కాలవైశాఖి గాలివానలు వస్తాయి, ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి గంటసేపు అన్నీ ఆగిపోతాయి. కాబట్టి చలికాలంలో ఢిల్లీని మధ్యాహ్నానికి, వేసవిలో కోల్‌కతాని పొద్దున్నకి పెట్టుకోండి.

ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా

ఇప్పుడు అన్నీ కలుపుదాం. ఇంటి నుంచి మధురపూడి అరగంట. విమానానికి గంటన్నర ముందు చేరడం. చివర్లో బ్యాగులు అరగంట, దూలియాజాన్‌కి కారు గంటంబావు. ప్రతి మజిలీలో రెండు గంటలు.

హైదరాబాద్, కోల్‌కతా దారి: విమానాల్లో 4 గంటల 55 నిమిషాలు, మజిలీలు రెండూ కలిపి 4 గంటలు, రెండు చివర్లా 3 గంటల 45. మొత్తం 12 గంటల 40 నిమిషాలు.

నేరుగా ఢిల్లీ దారి: విమానాల్లో 5 గంటల 4 నిమిషాలు, మజిలీ 2 గంటలు, చివర్లు 3 గంటల 45. మొత్తం 10 గంటల 49 నిమిషాలు.

విశాఖ దారి: స్టేషన్‌కి అరగంట, రైలు మూడుంబావు, స్టేషన్ నుంచి విమానాశ్రయం ముప్పావు, రైలు ఆలస్యానికి కూడా కలిపి రెండు గంటల ముందు చేరడం, విమానాల్లో 3 గంటల 12, మజిలీ 2 గంటలు, చివర్న గంటా ముప్పావు. మొత్తం 13 గంటల 27 నిమిషాలు.

చూశారా, నేరు దూరానికి ఒకటీ ముప్పావు రెట్లు తిరిగే ఢిల్లీ దారే అందరికన్నా ముందు చేరుస్తోంది! అట్లాస్‌లో చూస్తే ఢిల్లీ ఎక్కడో పడమరన ఉంది, అటు పోవడం తెలివితక్కువగా కనిపిస్తుంది. కానీ జెట్‌కి అదనంగా 700 కిలోమీటర్లంటే 50 నిమిషాలు. ఒక మజిలీ తగ్గితే కలిసొచ్చేది రెండు గంటలు, పైగా మిస్సవుతామేమో అన్న టెన్షన్ ఒక్కసారే. విమానంలో దూరం చవక, నేల మీద ఆగడం ఖరీదు. నాన్న ప్రశ్నకి ఆ రోజు ఇచ్చిన జవాబు ఇదే.

ఇక్కడో జాగ్రత్త. 10 గంటల 49 నిమిషాలు అనేది రాజమండ్రి విమానం ఢిల్లీలో దిగాక రెండు గంటలకి డిబ్రూగఢ్ విమానం ఉంటేనే. అది అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఢిల్లీలో రాత్రి గడపాలి, లెక్క ఇరవై గంటలు దాటిపోతుంది. సైట్లో కనిపించిన ఆ ఇరవై రెండు గంటల రహస్యం ఇదే. కాబట్టి వెనక నుంచి రండి. ముందు డిబ్రూగఢ్‌లో దిగే విమానాలన్నీ రాసుకుని, అందులో మీకు పనికొచ్చేది ఎంచుకుని, దానికి రెండు గంటల ముందు ఆ మజిలీకి చేర్చే విమానం ఉందా అని చూడండి. ముందు నుంచి వెతికితే గంటలు పడుతుంది, వెనక నుంచి అయితే పది నిమిషాల పని.

విశాఖ దారిని కూడా పూర్తిగా కొట్టేయకండి. 47 నిమిషాలు ఎక్కువైనా హైదరాబాద్ దారి కన్నా ఒక విమానం తక్కువ మారతారు. విశాఖలో చుట్టాలుంటే ముందు రోజే వెళ్లి పడుకుని పొద్దున్నే బయల్దేరొచ్చు. భోగాపురంలో కొత్త విమానాశ్రయం కట్టారు కాబట్టి మీ టికెట్ ఎక్కణ్ణుంచో మాత్రం చూసుకోండి. స్టేషన్ నుంచి ఆ దూరం వేరు.

ఎన్నింటికి దిగుతారో కూడా చూడండి

మన దేశమంతా గడియారం ఒకటే. అది 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత కాకినాడకి దగ్గర్లోనే పోతుంది, అందుకే మా గోదావరి జిల్లాల్లో గడియారంలో పన్నెండు కొట్టేసరికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిబ్రూగఢ్ అక్కణ్ణుంచి బాగా తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకన్నా సుమారు 53 నిమిషాల ముందు అక్కడ సూర్యుడు కదులుతాడు. పైగా ఉత్తరాన ఉంది కాబట్టి చలికాలం పగలు మరీ చిన్నది. డిసెంబరులో రాజమండ్రిలో ఐదున్నరకి పొద్దుగూకితే, అక్కడ నాలుగున్నర లోపే. అస్సాం తేయాకు తోటల్లో ఇప్పటికీ గంట ముందుకి జరిపిన ‘బాగాన్ టైమ్’ వాడడానికి కారణం ఇదే.

అందువల్ల డిసెంబరులో “సాయంత్రం ఐదింటికి దిగుతాం, వెలుతురుండగానే ఇల్లు చేరతాం” అనుకోకండి, అప్పటికి అక్కడ రాత్రే. మోహన్‌బారీ నుంచి తేయాకు తోటల మధ్య రోడ్డు, పొగమంచు కూడా ఉంటుంది. కారు ముందే మాట్లాడుకోండి, డ్రైవర్ నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. మధ్యాహ్నం రెండు లోపు దిగే విమానం దొరికితే వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి.

తిరుగు ప్రయాణాన్ని విడిగా లెక్కగట్టండి

పోయేటప్పటి ఖాళీలే వచ్చేటప్పుడు సరిపోవు. చలికాలంలో డిబ్రూగఢ్–ఢిల్లీకి ఎదురుగాలి కాబట్టి 15, 20 నిమిషాలు ఎక్కువ వేసుకోండి. రాజమండ్రి చివరి విమానం అందకపోతే మళ్లీ మర్నాడే, కాబట్టి ఆ మజిలీలో రెండు గంటలు కాదు, మూడు పెట్టండి. లేదా రాజమండ్రి దాకా రాకుండా హైదరాబాద్‌లో దిగిపోయి రాత్రి రైలు ఎక్కొచ్చు. గౌతమి లాంటి రైళ్లు రాత్రి బయల్దేరి తెల్లవారుజామున రాజమండ్రిలో దింపుతాయి. శంషాబాద్ నుంచి స్టేషన్‌కి మాత్రం గంటన్నర, సాయంత్రం ట్రాఫిక్‌లో అయితే రెండు గంటలు తీసేయండి.

అమ్మానాన్నలు ఢిల్లీ మీదుగానే వెళ్లారు. నాన్న ఆ లెక్కల కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ప్రతి మెట్టు పక్కనా అసలు పట్టిన టైము పెన్నుతో రాసుకుంటూ పోయారు. చెల్లి ఇంటి గుమ్మం దగ్గర రాసిన చివరి అంకె 11 గంటల 20 నిమిషాలు. ఆ అరగంట ఎక్కడ పోయిందో కూడా పక్కనే ఉంది: “డిబ్రూగఢ్ బ్యాగులు 45 ని., దారిలో టీ 15 ని.”